తడిని పైకి చూపే గది
ఇల్లు అమ్మే ముందు వంటింటి వెనుక చేయవలసిన పనులు

ఇల్లు అమ్మదలచిన కుటుంబం సాధారణంగా వీధి గుమ్మానికి ముందుగా రంగు వేయిస్తుంది. తరువాత హాలు, ఆ తరువాత పడకగదులు. వంటగది వంతు వచ్చేసరికి చేతిలోని సొమ్ము, మనసులోని ఓపిక రెండూ తగ్గిపోతాయి. వంటగది వెనుక ఉన్న చిన్న గది వంతు అసలే రాదు. దాని తలుపు దగ్గరగా వేసి, "అది సామాన్ల గది లెండి" అన్న ఒక్క మాటతో, కొనవచ్చిన వారిని అక్కడి నుండి మళ్లించివేస్తారు.

లోకానుభవం గల పెద్దలు మాత్రం ఆ తలుపునే ముందు తీయమంటారు. ఎందుకంటే ఇంటిలోని నీరంతా చివరకు చేరేది అక్కడికే. గిన్నెలు తోమిన నీరు, బట్టలు ఉతికిన నీరు, పెద్దవారు వుజూ చేసుకున్న నీరు, పైన ట్యాంకు నుండి దిగే గొట్టం, కింద బోరు మోటారు, అన్నీ ఆ నాలుగు గోడల మధ్యనే కలుస్తాయి. ముందరి హాలుకు ఒక పూట రంగు వేస్తే పదేళ్ల వయసు తగ్గినట్లు కనిపిస్తుంది. వెనుక గది అలా వయసు దాచుకోలేదు. ఇల్లు ఎంత జాగ్రత్తగా వాడబడిందో, ఎక్కడ నిర్లక్ష్యం జరిగిందో ఆ గదే చెబుతుంది.

అమ్మకానికి ముందు ఈ చిన్న గదిని ఎలా సిద్ధం చేయాలి? ఏ మరమ్మతు అవసరం, ఏది అనవసరం? అలంకరణ ఎక్కడ ముగుస్తుంది, మోసం ఎక్కడ మొదలవుతుంది? ఈ వ్యాసంలో మనం పరిశీలించబోయే విషయాలు ఇవే.

మన ఇళ్లలో ఈ గది

కొత్త ఇళ్ల ప్లానులలో దీనిని యుటిలిటీ అని రాస్తున్నారు. వాడుకలో వాష్ ఏరియా అంటారు. పేరు కొత్తదే గాని అవసరం పాతదే. నిజామాబాద్ పట్టణంలోని పాత మొహల్లాలలో వంటిల్లు దాటగానే సహన్, దానిలో ఒక మూల నీళ్ల హౌజు, మరో మూల గిన్నెలు తోమే బండ, దాని పక్కన మోరీ ఉండేవి. స్థలాలు చిన్నవయ్యాయి, పిల్లలు పెరిగి గదులు పెరిగాయి. సహన్ కుదించుకుపోయి రేకుల కప్పు కింద ఆరడుగుల గదిగా మిగిలింది. అందులోకి వాషింగ్ మెషీన్ వచ్చి చేరింది.

పట్టణానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోధన్ ప్రాంతానిది మరో చరిత్ర. 1923లో నిర్మాణం మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం మంజీరా నీటిని ఈ నేలలకు మళ్లించింది. ఆ నీటితో చెరకు పండింది. ఆ చెరకును నమ్ముకొని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. శక్కర్‌నగర్ అన్న పేరే అక్కడి జీవనం దేని చుట్టూ తిరిగిందో చెబుతుంది. 2002లో ఆ సంస్థలో ప్రైవేటు భాగస్వామ్యం ప్రవేశించింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. దానిని నమ్ముకొని బోధన్‌లో సొంత ఇల్లు కట్టుకున్న కుటుంబానికి ఆ ఇల్లే చివరి ఆస్తిగా మిగిలి ఉండవచ్చు. పిల్లలు నిజామాబాద్‌లోనో, హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో స్థిరపడితే, వృద్ధ తల్లిదండ్రులు ఆ ఇల్లు అమ్మి వారి దగ్గరకు చేరాలనుకుంటారు.

కొనే వారి పరిస్థితి కూడా ఇంతకంటె భిన్నం కాదు. గల్ఫ్ ఎండలో పది పదిహేనేళ్లు కష్టపడి, పొట్టకట్టుకొని కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొనేవారు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. అమ్మే చేతికి అది చివరి ఆస్తి. కొనే చేతికి అది మొదటి ఆస్తి. కనుక ఆ చిన్న గదిలోని ఒక చెమ్మ మరకను దాచడమా, చూపడమా అన్నది చిన్న విషయం కాదు.

గది ఖాళీ చేయడమే మొదటి పని

ఏ మరమ్మతుకైనా ముందు గదిని పూర్తిగా ఖాళీ చేయాలి. సగం ఖాళీ చేస్తే ప్రయోజనం లేదు. విరిగిన బకెట్లు, పాత కూలర్, రంగు డబ్బాలు, ఎప్పుడో తీసివేసిన కుళాయిలు, పెళ్లి నాటి పెద్ద దేగ్‌చీలు అన్నీ బయటకు రావాలి. సజ్జ మీద ఉన్నవి కూడా దించాలి. అప్పుడే గోడ అడుగు భాగం మనకైనా కనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా సామాను వెనుక దాగిన పగులు యజమానికే తెలియకపోవచ్చు.

దించిన సామానును మూడు భాగాలు చేసుకోవడం మంచిది. మొదటిది, మనతో తీసుకుపోయేవి. రెండవది, ఇతరులకు పనికివచ్చేవి. పెద్ద గిన్నెలు, పనిచేసే స్టవ్వు, గట్టి బిందెలు వంటివి అవసరమున్న వారికి ఇచ్చివేయవచ్చు. అయితే తోమి, బాగుచేసి ఇవ్వాలి. మనకు అక్కరలేని చెత్తను పేదల ఇంటికి పంపి దానం చేశామని తృప్తిపడడం సరికాదు. మూడవది, పాత ఇనుము కొనే వారికి ఇచ్చేవి. ఈ వేర్పాటులో పొరుగువారి నుండి ఎరువు తెచ్చిన వస్తువు ఏదైనా కనిపిస్తే దానిని వెంటనే చేర్చాలి. అది అమానతు. ఇల్లు మారే హడావిడిలో ఇలాంటివే మరుగున పడిపోతాయి.

ఒక హెచ్చరిక. అదనపు గ్యాస్ సిలిండర్‌ను, ఇన్వర్టర్ బ్యాటరీని ఈ గదిలోనే ఉంచడం మన ఇళ్లలో అలవాటు. వంట గ్యాస్ గాలికంటె బరువైనది. కారితే నేల మీదనే పరుచుకుంటుంది. ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుండి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కిటికీ లేని గదిలో ఈ రెండింటినీ మోటారు స్విచ్చు పక్కన ఉంచడం ప్రమాదకరం. ఇల్లు చూపించే నాటికి కాదు, ఈ రోజే వాటిని గాలి ఆడే వేర్వేరు చోట్లకు మార్చాలి.

నీరు చెప్పే సాక్ష్యం

గది ఖాళీ అయిన తరువాత మేస్త్రీని పిలిచే ముందు మనమే చేసుకోదగిన పరీక్షలు నాలుగు ఉన్నాయి. వీటికి ఖర్చేమీ లేదు.

మొదటిది, నేల వాటు. గది మధ్యలో ఒక బకెట్టు నీరు పోసి చూడండి. నీరు తనంతట తానే మోరీ వైపు పోవాలి. మీటరు పొడవుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉంటే నీరు నిలవదు. నీరు గోడ మూలకు చేరి మడుగు కడితే, ఆ గోడకు చెమ్మ ఎక్కడి నుండి వస్తున్నదో తెలిసిపోయినట్లే.

రెండవది, గొట్టాల పరీక్ష. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టివేసి, మోటారు ఆపి, పైట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టండి. ఫజ్ర్ వేళ ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ చూడండి. మట్టం దిగితే ఎక్కడో కారుతున్నది. గోడలో దాగిన గొట్టం చాలాసార్లు ఈ వెనుక గదిలోనే కారుతుంది.

మూడవది, గోడ పరీక్ష. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించాలి. ఒకటి రెండు రోజుల తరువాత చూస్తే, కాగితం వెలుపలి వైపు నీటి చుక్కలుంటే అది గదిలోని ఆవిరి. గాలి ఆడే ఏర్పాటు చేస్తే సరిపోతుంది. గోడ వైపు చుక్కలుంటే చెమ్మ గోడలోనే ఉన్నది. గోడ అడుగున తెల్లని పొడి రాలుతుంటే అదికూడా చెమ్మకు గుర్తే. నేలలోని తేమతో పాటు లవణాలు పైకి ఎక్కి, నీరు ఆరిపోయాక ఉప్పుగా మిగులుతాయి.

నాలుగవది, వాసన. మోరీ దగ్గర నహానీ ట్రాప్ అనే వంపు ఉంటుంది. అందులో ఎప్పుడూ సుమారు ఐదు సెంటీమీటర్ల నీరు నిలిచి ఉండి, కాలువలోని దుర్వాసనను, బొద్దింకలను లోపలికి రానీయకుండా ఆపుతుంది. ఇల్లు వారాల తరబడి తాళం వేసి ఉంటే, ముఖ్యంగా మన నిజామాబాద్ వేసవిలో, ఆ నీరు ఆవిరైపోతుంది. అప్పుడు ఇల్లంతా మురుగు వాసన పట్టుకుంటుంది. యజమాని గల్ఫ్‌లో ఉండి, తాళం బంధువుల చేతిలో ఉన్న ఇళ్లలో ఇది తరచు జరిగేదే. ఆ ఇంటికి ఏ జబ్బూ లేదు. వారానికొకసారి రెండు చెంబుల నీరు మోరీలో పోస్తే చాలు. అలా పోసినా వాసన పోకపోతే ట్రాప్ పగిలిందనో, అసలు పెట్టలేదనో అర్థం. అది మేస్త్రీ పని.

పగుళ్లు ఏమి చెబుతాయి?

బోధన్ పరిసరాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. ఈ మట్టి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకొని నెర్రెలు విచ్చుతుంది. లోతైన పునాది మీద కట్టిన ఇల్లు ఈ కదలికను తట్టుకుంటుంది. వెనుక గది చాలాసార్లు ఆ ఇంటితో పాటు కట్టినది కాదు. కొన్నేళ్ల తరువాత, తక్కువ లోతు పునాదితో, ఇంటి గోడకు ఆనించి కట్టినది. అందువలన ఇల్లు ఒక తీరుగా, గది మరో తీరుగా కదులుతాయి. రెండూ కలిసే చోట నిలువునా చీలిక వస్తుంది.

ఇలాంటి చీలికను సిమెంటుతో బిగించి పూడ్చితే మరుసటి వేసవికి మళ్లీ విచ్చుకుంటుంది. సాగే స్వభావం గల పూరకంతో నింపి, పైన రేకు లేదా పట్టీ వేసి వాననీరు లోపలికి దిగకుండా చేయడం మెరుగు. అయితే ఇంటి అసలు గోడలోనే ఏటవాలు పగులు కనిపించి, దానిలో వేలు దూరేంత సందు ఉంటే, అది రంగు పని కాదు, మేస్త్రీ పనీ కాదు. ఇంజనీరును పిలిచి చూపించాలి.

తరువాత కలిపిన గది విషయంలో మరొక ప్రశ్న ఉన్నది. అది మునిసిపల్ అనుమతి ప్లానులో ఉన్నదా? నియమం ప్రకారం వెనుక వదలవలసిన ఖాళీ స్థలంలోనే చాలామంది ఈ గదిని వేసుకున్నారు. కొందరి గది పొరుగువారి గోడ మీద ఆనుకొని ఉంటుంది. మరికొందరి రేకు మీది వాననీరు పొరుగువారి వాకిట్లో పడుతుంది. పొరుగువారు ఇన్నాళ్లు మన ముఖం చూసి సహించి ఉండవచ్చు. కొత్తగా వచ్చేవారితో వారు అలాగే సర్దుకుపోతారని హామీ ఏమున్నది? ఈ లెక్క మనం ఉండగానే సరిచేయాలి. ఒక నీటి గొట్టం కట్టి ఆ నీటిని మన మోరీలోకి మళ్లించడం పెద్ద ఖర్చు కాదు.

మరమ్మతు వరుస

పని వరుస తప్పితే సొమ్ము రెండింతలవుతుంది. ముందు కారే గొట్టం, తరువాత నేల వాలు, మోరీ, ఆ తరువాత గోడ పూత, చివరకు రంగు. చెమ్మ మూలం ఆగకుండా గోడ గీకి పూత వేయడం వృథా.

ఉప్పు పట్టిన పూతను మరక కనిపించే ఎత్తుకంటె మరికొంత పైదాకా గీకివేసి, ఇటుకను ఆరనివ్వాలి. కొత్త సిమెంటు పూతకు కనీసం 7 రోజులు నీరు పట్టాలి. పూర్తిగా గట్టిపడి ఆరడానికి నాలుగు వారాలు పడుతుంది. కనుక రేపు కొనేవారు వస్తున్నారనగా ఈ రోజు మేస్త్రీని పిలవడం సరికాదు. ఇల్లు చూపించడానికి రెండు నెలల ముందే ఈ పనులు మొదలు కావాలి.

వెనుక గదికి ఖరీదైన ప్లాస్టిక్ రంగు అవసరం లేదు. చెమ్మ పూర్తిగా ఆరని గోడకు అది పొరలా బిగుసుకొని, లోపలి తేమను బయటకు పోనీయక, కొద్ది నెలలలో బుడగలుగా లేస్తుంది. మన పెద్దలు వేసిన సున్నమే ఇక్కడ ఉత్తమం. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది; దాని క్షార గుణం వలన బూజు త్వరగా పట్టదు; తెల్లదనం వలన చిన్న గదిలో వెలుతురు పెరుగుతుంది. కాస్త నీలిమందు కలిపితే తెలుపు మరింత తేరుతుంది.

షాబాద్ బండల మీద పేరుకున్న పాచిని గట్టి బ్రష్షుతో, బ్లీచింగ్ పౌడరుతో తొలగించాలి. వుజూ చేసుకునే వృద్ధులు జారిపడేది ఈ పాచి మీదనే. బోరు నీటి వలన కుళాయిలకు పట్టిన తెల్లని పెచ్చు నిమ్మరసంతోనో, సిర్కాతోనో కరిగిపోతుంది. తొందరపడి యాసిడ్ పోస్తే బండల మధ్య సిమెంటు తినివేయబడుతుంది. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసి శుభ్రం చేసే చిన్న గదిలో అది ప్రాణాంతకం కాగలదు.

విద్యుత్తు విషయంలో పొదుపు పనికిరాదు. తడి నేల, లోహపు మెషీన్, చెప్పులు లేని పాదం మూడూ కలిసే చోటు ఇది. వాషింగ్ మెషీన్‌కు ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్ ఉండాలి. అది నీరు చిందే ఎత్తుకు పైన ఉండాలి. విద్యుత్తు లీకైన క్షణంలోనే సరఫరాను ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం ప్రాణరక్షణ. ఎర్తింగ్ గుంటలో వేసవి అంతా అప్పుడప్పుడు నీరు పోయాలి. మట్టి పూర్తిగా ఎండిపోతే ఎర్తింగ్ సరిగా పనిచేయదు.

అలంకరణ ఏది, మోసం ఏది?

అసలు ప్రశ్నకు ఇక్కడే వస్తాము. ఇల్లు శుభ్రం చేసి, సున్నం వేసి, దీపం మార్చి చూపించడం తప్పు కాదు. శుభ్రత మన ధర్మం. వచ్చినవారిని చక్కని ఇంటిలో కూర్చోబెట్టడం మర్యాద. కాని చెమ్మ గోడ ముందు అల్మారా నిలబెట్టడం, కారే మూల మీద పుట్టీ పులమడం, మురుగు వాసన మీద అత్తరు చల్లడం వేరు. మొదటిది ఉన్న మంచిని కనబరచడం. రెండవది ఉన్న లోపాన్ని మరుగుపరచడం.

ఈ భేదం బోధపడడానికి ఇమామ్ ముస్లిం సేకరించిన హదీసులోని ఒక ఘటనను గుర్తు చేసుకుంటే చాలు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ధాన్యపు రాశి పక్కగా వెళుతూ దానిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న గింజల కింద తడి తగిలింది. కారణం అడిగితే, వాన పడిందని వర్తకుడు చెప్పాడు. ఆ తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తమకు చెందినవాడు కాడని హెచ్చరించారు. ఆ వర్తకుడు వానను కురిపించలేదు. తడి అతని తప్పు కాదు. తడిని కిందికి తోసి పొడిని పైకి పరచడమే అతని తప్పు. వెనుక గది గోడకు చెమ్మ పట్టడం ఏ యజమానికీ నేరం కాదు. మే నెలలో దాని మీద రంగు పూసి అమ్మివేయడం, ఆగస్టు వానలకు అది కొత్తవారి ముందు ఉబికి రావడం, ఇదే నేరం.

దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, తనకు తెలిసి కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో వారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని వెల్లడించడం అమ్మేవారి బాధ్యత. సామానుతో కప్పిన పగులు, పుట్టీ కింద దాచిన చెమ్మ ఈ కోవలోకి వచ్చే లోపాలే.

లోపం చెబితే ధర పడిపోతుందన్న భయం సహజమే. కాని ఆలోచించి చూడండి. కొనేవారు చెప్పని లోపాన్ని ఒకటి తామే కనిపెడితే, కనిపించని పది లోపాలను ఊహించుకుంటారు. ఇంటి మొత్తం ధర మీద బేరం మొదలవుతుంది. మనమే ముందుగా చూపి, ఇది ఇలా ఉన్నది, ఇంతవరకు బాగుచేయించాము, ఇంత మిగిలి ఉన్నది అని చెబితే, బేరం ఆ గోడ దగ్గరే ఆగుతుంది. క్రయవిక్రయాలలో ఇరుపక్షాలూ నిజం చెప్పి లోపాలు వివరిస్తే శుభం కలుగుతుందని, దాచిపెడితే ఆ శుభం తుడిచివేయబడుతుందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ ప్రవక్త (స) బోధగా పేర్కొన్నాయి. బరకత్ లేని సొమ్ము చేతికి ఎంత వచ్చినా నిలవదన్నది మన ఇళ్లలో అందరూ ఎరిగినదే.

చూపించే రోజు

కొనే కుటుంబంలోని స్త్రీలను తప్పక పిలవండి. బేరం మగవారు చేసినా, ఆ గదిలో రోజుకు రెండు పూటలా నిలబడి పనిచేసేది చాలావరకు వారే. వారు కుళాయి తిప్పి చూడాలి, కిటికీ తెరచి చూడాలి, బట్టలు ఆరవేసే చోటు పొరుగు మేడ మీదికి కనిపిస్తుందో లేదో గమనించాలి. పర్దా పాటించే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. ఒక జాలీనో, తడకనో ముందే అమర్చి ఉంచితే వారికి మేలు చేసినవారమవుతాము. ఆ సమయంలో ఇంటి మగవారు ముందు గదిలో ఉండి, ఇంటి ఇల్లాలు స్వయంగా వారికి గది చూపించడం ఉత్తమం. ఏ కుళాయికి ఏ నీరు వస్తుంది, వేసవిలో బోరు ఎంతసేపు పోస్తుంది, మోటారు ఎన్నడు మార్చారు, ఈ సంగతులు ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియవు.

గదిలో మెషీన్ పట్టే చోటు ఖాళీగా చూపించండి. సాధారణ వాషింగ్ మెషీన్‌కు సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. తలుపు వెడల్పు, మెషీన్ చోటు, సాకెట్ ఎత్తు కొలిచి ఒక కాగితం మీద రాసి ఇస్తే కొనేవారు తమ సామాను సరిపోతుందో లేదో ఇంటికి పోయి నిదానంగా చూసుకుంటారు.

యజమాని విదేశంలో ఉండి, తమ్ముడో, మామగారో ఇల్లు చూపిస్తున్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. యజమాని ఆ గదిని ఏళ్ల తరబడి చూసి ఉండడు. చూపించేవారు తమకు తెలిసిన లోపాన్ని ముందు యజమానికి చెప్పాలి, ఆపై కొనేవారికి చెప్పాలి. ఇల్లు నాది కాదు గదా అని మౌనం వహించడం అమానతుకు తగదు.

మాటలు మరచిపోతారు. కనుక ఒక కాగితం తయారుచేయండి. బాగుచేసినవి, తేదీతో, బాగుచేయనివి, కారణంతో, ప్లానులో లేని కట్టడం ఉంటే ఆ సంగతి. ఇరువురూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకుంటే రేపటి తగవుకు తావుండదు.

పొరుగువారి హక్కు

ఇల్లు బేరానికి పెట్టే ముందు పొరుగువారికి ఒక మాట చెప్పడం మన సంప్రదాయం. దానికి మూలం ఉన్నది. ప్రవక్త (స) సహచరుడు అబూ రాఫె (రజి) తన రెండు గదులను కొనమని, వాటికి చేరువలో ఉన్న సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)ను కోరారు. సఅద్ (రజి) 4000 దిర్హములకు మించి ఇవ్వలేనని, అదీ వాయిదాలలో ఇస్తానని అన్నారు. అబూ రాఫె (రజి)కు బయటివారు అప్పటికే 500 దీనార్లు ఇవ్వజూపి ఉన్నారు. అయినా, దగ్గర ఉన్న పొరుగువారికే ఎక్కువ హక్కు అన్న ప్రవక్త (స) బోధను తాను విని ఉండడం వలననే వాటిని సఅద్ (రజి)కు ఇస్తున్నానని చెప్పి ఇచ్చివేశారు. ఈ ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉన్నది.

రెండు గదుల అమ్మకం ఒక గొప్ప ఆదర్శంగా నిలిచిపోయింది. మన అమ్మకంలో ఉన్నది ఆరడుగుల వెనుక గదే కావచ్చు. అయినా ఆ గదిలో మన నడవడి ఎలా ఉన్నదో చూసేవారు ముగ్గురు: కొనేవారు, పొరుగువారు, అందరినీ చూస్తున్న అల్లాహ్.

తాళాలు అప్పగించే నాడు ఆ గదిని ఒట్టి గదిగా వదలకండి. కడిగిన నేల, వెలిగే దీపం, మోరీలో నిండిన నీరు, గోడకు ఒక చీపురు, మోటారు మేస్త్రీ ఫోను నంబరు రాసిన కాగితం ఉంచండి. కొత్తవారు మొదటిసారి కుళాయి తిప్పినప్పుడు వారి నోట మన కోసం దుఆ రావాలి. ఇల్లు అమ్మిన సొమ్ములో అదికూడా ఒక భాగమే.